‘కరుగేటెడ్’ని తెలుగులో ఏమనాలి? ముడతల రేకు అంటే నవ్వుతున్నారు

చిత్తుకాగితం
సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. చిన్న సందేహం. కనీసం నేను చిన్నదే అనుకున్నాను.

మా ఊరి పాల సంఘం వాళ్ళు దాణా బస్తాలు పెట్టుకోవడానికి ఒక షెడ్డు కడుతున్నారు. ఇంజినీరు గారు ఇచ్చిన అంచనా మొత్తం ఇంగ్లీషులో ఉంది. ఊళ్ళో డీటీపీ సెంటరు నాదొక్కటే కాబట్టి దాన్ని తెలుగు చేసి నోటీసు కొట్టే పని నాకు తగిలింది. అందులో ‘కరుగేటెడ్ జీఐ షీట్లు’ అని ఉంది. జీఐ అంటే జింకు పూత పూసిన ఇనుమని తెలుసు. కరుగేటెడ్ కోసం నిఘంటువు తీస్తే ‘ముడతలు పడిన’ అని ఉంది. సరే కదా అని ‘జింకు పూత పూసిన, ముడతలు పడిన ఇనుప రేకులు 64 కావలెను’ అని కొట్టి బోర్డుకి అంటించాను.

మర్నాడే టౌను నుంచి ఒకాయన ఫోను. ‘పాత రేకులేనాండీ మీక్కావాల్సింది? గాలివానకి కూలిన షెడ్డువి ఓ వంద ఉన్నాయి నా దగ్గర. ముడతలంటే అలా ఇలా పడలేదు. కిలోల లెక్కన ఇచ్చేస్తా.’

అప్పటి నుంచి సంఘం ప్రెసిడెంటు నన్ను ‘ముడతల మాస్టారూ’ అని పిలుస్తున్నాడు. నోటీసు మార్చాలి. సరైన తెలుగు మాట ఏదైనా ఉందా?


రేకులకొట్టు
సోమవారం, రాత్రి 9:40

నవ్వాపుకోలేకపోయాను, ఏమనుకోకండి.

తెనాలిలో 22 ఏళ్ళుగా ఇదే వ్యాపారం నాది. కరుగేటెడ్ అన్న మాట బిల్లు మీద రాశానేమో గానీ నోటితో అన్నట్టు గుర్తు లేదు. కొనడానికి వచ్చినవాళ్ళూ అనరు. ‘రేకులు కావాలి’ అంటారు. నేను తిరిగి అడిగేవి మూడే: ఇనప రేకా సిమెంటు రేకా, ఎన్నడుగులు, ఎంత గేజీ. పైకప్పుకి అన్నారంటే అది అలలు తిరిగిన రేకే అని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు.

అసలు తమాషా ఏంటంటే, మన దగ్గర మాట కలపాల్సి వచ్చేది అలలు లేని రేకుకి. తలుపుకో గేటుకో కావాల్సినవాడు ‘ప్లెయిన్ రేకు’ అని ప్రత్యేకంగా చెబుతాడు. ఇంగ్లీషువాళ్ళకి ఉత్త షీట్ అంటే చదునుగా ఉండేది, అలలున్నదానికి పేరు తగిలించాలి. మనకి తిరగబడింది.

కాబట్టి మీరు ‘జీఐ రేకులు, 24 గేజీ, 10 అడుగులవి’ అని ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఒక్క జాగ్రత్త. గేజీ నంబరు పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది. ఇది తెలియక ‘26 అయితే ఇంకా గట్టిదేగా’ అని తీసుకెళ్ళినవాళ్ళున్నారు.


మిరపతోట
సోమవారం, రాత్రి 10:05

ఆ ఫోను చేసినాయన తప్పేం లేదండి. ముడత అనగానే మాకు గుండె జారుతుంది.

మాది ప్రత్తిపాడు దగ్గర. మిరపలో తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా అవుతుంది, దాన్ని పై ముడత అంటాం. నల్లి పడితే కిందికి ముడుచుకుంటుంది, అది కింది ముడత. రెండిటికీ మందులు వేరు. పొద్దున్నే చేలోకెళ్ళి ఆకు తిప్పి చూసి, ఏ ముడతో తేల్చుకున్నాకే మందుల కొట్టుకి వెళ్ళాలి. అలాంటిది ‘ముడతలు పడిన రేకులు కావాలి’ అని ఎవరైనా రాస్తే, తెగులు తగిలిన మొక్కలు కొంటామని రాసినట్టే ఉంటుంది నాకు.

ముడత దానంతటదే వస్తుంది, ఎవరికీ అక్కర్లేదు. మీ రేకు మీదవి కావాలని చేయించినవి, ఒక కొలతలో ఉన్నవి. మా చేలో అలాంటివాటిని బోదెలంటాం. బోదె, కాలువ, బోదె, కాలువ. పక్క నుంచి వంగి చూడండి, అచ్చం మీ రేకే. ‘బోదెల రేకు’ అని పెట్టుకోండి.


కుట్టుమిషను
సోమవారం, రాత్రి 10:31

ముడత వేరు, మడత వేరు. ఇస్త్రీ చేసేది ముడత పోవడానికి, ఆ తర్వాత పెట్టేది మడత. మడత మంచం అంటాం, ముడత మంచం అనం. తాపేశ్వరం వాళ్ళది మడత కాజా, ముడత కాజా అయితే ఎవరు కొంటారు?

కానీ మడత కూడా ఇక్కడ సరిపోదు. మడత అంటే ఒకదాని మీద ఒకటి వచ్చి పడుకోవాలి. ఈ రేకు లేస్తూ దిగుతూ ఉంటుంది గానీ పడుకోదు కదా. నన్నడిగితే దీనికి దగ్గరది కుచ్చిళ్ళు. చీర కుచ్చిళ్ళు పోసేటప్పుడు బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య ఒకటే కొలత పెట్టుకుని, ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. అన్నీ సమానంగా రావాలి, లేదంటే మళ్ళీ మొదటికి. పిల్లల గౌన్లకి మేం కుట్టేవీ ఇవే. కుచ్చుల రేకు. వినడానికి కూడా బాగుంది.


రేకులకొట్టు
సోమవారం, రాత్రి 10:38

అమ్మా, బాగానే ఉంది గానీ, కుచ్చుల రేకు ఇవ్వండని మా కొట్టుకి ఎవరన్నా వస్తే పెళ్ళి మండపం డెకరేషన్ సామాను పక్క వీధిలో అని చెబుతాను.


శబ్దరత్నం
మంగళవారం, ఉదయం 6:12

నిఘంటుకారుణ్ణి తప్పుపట్టలేం. ఆ ఇంగ్లీషు మాటకి మూలం లాటిన్‌లోని ‘రూగా’. దానికి అర్థం ముడతే, ముఖం మీద వచ్చే ముడత. కనుబొమ్మలు దగ్గరికి లాగి ముఖం చిట్లించినప్పుడు పనిచేసే కండరం ఒకటుంది. వైద్యులు దాన్ని ఈ మాటతోనే ‘కారుగేటర్’ అంటారు. అంటే వాళ్ళ భాషలో రేకు ముఖం చిట్లించింది. నిఘంటువు మూలార్థం ఇచ్చింది, మీరు దాన్ని నోటీసు బోర్డు మీదికి ఎక్కించారు.

మనకూ ముడతకి ‘వళి’ అన్న మాట ఉంది. ప్రబంధాల్లో నాయిక నడుము మీద త్రివళులని మూడు మడతలు వర్ణిస్తారు, అదే వళి. కాబట్టి ‘వళిత ఫలకం’ అనవచ్చు. అలను పట్టుకుంటే ఊర్మి, తరంగం ఉన్నాయి. ‘తరంగిత ఫలకం’ శాస్త్ర గ్రంథాలకు శోభిస్తుంది.

ఇక రేకు. ఇది చక్కని మాట. పలచగా, విడిగా, ఆకులా ఉండేది ఏదైనా రేకే. పూరేకు, తమలపాకంత తగరపు రేకు, తిరుమలలో అన్నమయ్య సంకీర్తనలు చెక్కించిన రాగిరేకులు. ఈనాటికీ ఆ కీర్తనలను ఫలానా రేకులోదని నంబరుతో చెబుతారు. ఆ మాటలో ఎక్కడా గట్లూ గాళ్ళూ లేవు. పైకప్పు మీదికి ఎక్కాకే దానికి అలలు వచ్చాయి.


ఓరుగల్లుపోరడు
మంగళవారం, ఉదయం 8:50

సార్, వళిత ఫలకం అని నోటీసు పెడితే ఈసారి ఫోన్ కూడా రాదు.

మా దిక్కు అయితే టిన్ షెడ్డు, రేకుల షెడ్డు, అంతే. ఇంటికి వేసినా రేకుల ఇల్లే. హిందీల దీన్ని ‘నాలీదార్ చాదర్’ అని రాస్తరు, రైల్వే టెండర్లల్ల చూసిన. నాలీ అంటే మోరీ, కాలువ. అంటే వాళ్ళకు రేకు మీద లేచిన భాగం కాదు, నీళ్ళు పోయే భాగం కనబడ్డది. రత్నం సారు చెప్పిన లాటిన్‌ల ముడత, హిందీల కాలువ. ఒక్కొక్కరు ఒక్కోటి చూసిండ్రు.

శబ్దరత్నం గారు పూతరేకు మర్చిపోయిండ్రు. ఆత్రేయపురం పూతరేకులకు 2023ల జీఐ గుర్తింపు, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే అవి కూడా జీఐ రేకులే.


హాంబర్గ్‌హరి
మంగళవారం, మధ్యాహ్నం 12:20

జీఐ రేకులు 😂 ఓరుగల్లు అన్నా, దండం.

ఇక్కడ జర్మన్‌లో దీన్ని ‘వెల్‌బ్లెష్’ అంటారు. వెల్ అంటే అల, బ్లెష్ అంటే రేకు. ఫ్రెంచివాళ్ళదీ అదే దారి, ‘తోల్ ఓందులే’, అలలు తిరిగిన రేకు. ఐస్‌లాండ్ వాళ్ళు ‘బారుయార్న్’ అంటారు, అల ఇనుము. వాళ్ళకి ఇది పశువుల కొట్టం సామాను కాదు. రెయ్‌క్యావిక్ పాత బస్తీలో చెక్క ఇళ్ళకి గోడల చుట్టూ ఈ రేకే తొడిగి, ఎరుపూ పచ్చా నీలం రంగులు వేస్తారు. వెళ్ళినప్పుడు ఫోటోల కోసం తిరిగిన వీధులన్నీ రేకుల ఇళ్ళే. మన దగ్గర రేకుల ఇల్లంటే డాబా వేసుకోలేకపోయారని కదా జాలిపడతారు.

నా ఓటు ‘అలల రేకు’కి. ఎవరికీ వివరం చెప్పక్కర్లేదు.


అట్టపెట్టెబాబాయ్
మంగళవారం, మధ్యాహ్నం 2:45

మీరంతా ఇనుము దగ్గరే ఆగిపోయారు. ఈ మాటని మన దేశంలో రోజూ ఎక్కువసార్లు రాసేది మా వాళ్ళే అనుకుంటాను. విజయవాడ ఆటోనగర్‌లో ప్యాకింగ్ పెట్టెల యూనిట్ నడిపాను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. పెట్టె అడుగున ‘కరుగేటెడ్ బాక్స్’ అని అచ్చు వేస్తాం, దాన్ని మోసేవాడు, కట్టేవాడు, పాత సామాన్లకి కొనుక్కెళ్ళేవాడు అందరూ అట్టపెట్టె అనే అంటారు. ఇక్కడా రేకు కథే. లోపలి అలలు ఎవరి మాటలోనూ కనబడవు.

ఇంట్లో పాత అట్టపెట్టె ఉంటే అంచు దగ్గర చింపి చూడండి. పైనొక కాగితం, కిందొక కాగితం, మధ్యలో పాములా మెలికలు తిరిగే ఇంకో కాగితం. దీన్ని 3 ప్లై అంటాం. రెండు మెలికల పొరలు, మూడు చదును పొరలు ఉంటే 5 ప్లై. బరువు సామానుకి 7 ప్లై. ఆ మధ్య పొరకి మా షాపులో పేరు ఫ్లూటు. పిల్లనగ్రోవి కాదు. పక్క నుంచి చూస్తే సన్నటి గొట్టాల వరుసలా ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టారేమో అని నేను సరిపెట్టుకున్నాను.

చెరకు రసం బండి చూశారుగా. పళ్ళున్న రెండు రోలర్ల మధ్య గడ దూరి పిప్పై వస్తుంది. మా మిషనూ అదే తంతు. ఒకదాని పళ్ళలో ఇంకోదాని పళ్ళు కూర్చునే రెండు ఇనప రోలర్లు, బాగా వేడిగా ఉంటాయి. కాగితం చదునుగా వెళ్ళి అలలై బయటికొస్తుంది. అల శిఖరాలకి గంజి జిగురు తగులుతుంది, వెంటనే చదును కాగితం వచ్చి అతుక్కుంటుంది. కొలతలకి అక్షరాలున్నాయి. ఏ ఫ్లూటు సుమారు 5 మిల్లీమీటర్ల ఎత్తు, సీ 4, బీ 3, ఈ ఒకటిన్నర. ఆ వరుస తిక్కగా ఉందని కొత్త కుర్రాళ్ళు తికమకపడతారు. అక్షరాలు ఎత్తుని బట్టి పెట్టినవి కావు, ఏది ముందొచ్చిందో దాన్ని బట్టి పెట్టినవి. ఏ ఫ్లూటు మీటరు అట్ట కావాలంటే మధ్య పొరకి దాదాపు మీటరున్నర కాగితం తింటుంది. కుట్టుమిషను అమ్మాయి చెప్పిన కుచ్చిళ్ళ లెక్కే ఇది, గుడ్డ ఎక్కువ పట్టదూ?

ఒక సంగతి నేర్చుకోవడానికి నాకు ఒక లోడు ఖర్చయింది. మొదటి ఏడాది, పచ్చళ్ళ సీసాలకని పెట్టెలు చేశాను. కటింగులో కాగితం కలిసొస్తుందని అట్టని అడ్డంగా తిప్పి కోయించాను. గొట్టాలు నిలువుగా ఉండాల్సినవి అడ్డంగా పడ్డాయి. గోడౌనులో ఆరు వరసలు ఎత్తు పేర్చారు. తెల్లారేసరికి కింది వరస పెట్టెలు నడుము వంగి, ఆవకాయ నూనె గుమ్మం దాకా వచ్చింది. నిలబెట్టిన గొట్టం బరువు మోస్తుంది, పడుకోబెట్టిన గొట్టం నలుగుతుంది. ఆ తర్వాత ఏ పెట్టె కనబడినా ముందు గొట్టాలు ఎటున్నాయో చూడటం జబ్బులా పట్టుకుంది.

ఇంకొక్క మాట. ఈ అలల కాగితం పుట్టింది పెట్టెల కోసం కాదు. 1856లో ఇంగ్లండులో దీనికి పేటెంటు తీసుకున్నది పొడుగాటి టోపీల లోపల వేసుకోవడానికి. టోపీ నిలబడాలి, చెమటకి గాలాడాలి. 1871లో న్యూయార్కులో జోన్స్ అనే ఆయన గాజు సీసాలకీ లాంతరు చిమ్నీలకీ చుట్టడం మొదలెట్టాడు. పెట్టె కావడం ఆ తర్వాతి సంగతి.


మిరపతోట
మంగళవారం, మధ్యాహ్నం 3:02

బాబాయ్, ఆవకాయ సంగతి చదివి భోజనం మధ్యలో ఆగిపోయాను.


సైన్సుసారు
మంగళవారం, సాయంత్రం 5:30

హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పేవాణ్ణి. దీనికి నేను చేసే పిల్లల ఆట ఒకటుంది. రెండు గ్లాసులు జానెడు ఎడంగా పెట్టి, మధ్యలో వంతెనలా ఒక తెల్ల కాగితం వేయండి. చాక్‌పీసు పెట్టినా జారి కూలుతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా వేలెడు వెడల్పు మడతలు పెట్టి, గ్లాసు నుంచి గ్లాసుకి మడతలు పోయేలా వేయండి. మూడో గ్లాసు పెడితే మోస్తుంది. నీళ్ళు పోస్తూ పోతే ఎక్కడ కూలుతుందో పందెం కాసేవారు మా పిల్లలు.

కాగితం బరువు పెరగలేదు. పదార్థం మధ్య గీత నుంచి పైకీ కిందికీ దూరం జరిగింది, అంతే. చదును రేకు మందం రెండింతలు చేస్తే వంగకుండా నిలిచే బిగువు ఎనిమిదింతలవుతుంది గానీ ఇనుము ఖర్చూ రెండింతలవుతుంది. అల తిప్పితే ఆ ఖర్చు లేకుండా లోతు వస్తుంది. పైగా ఒక దిక్కున గట్టిపడుతుంది, రెండో దిక్కున మెత్తగానే ఉంటుంది. అందుకే ఆ రేకుని ఒక వైపు చాపలా చుట్టొచ్చు, అడ్డం తిప్పి చుట్టబోతే చుట్టనివ్వదు.

ఈ కిటుకు ఇనుముకి పట్టించినవాడు హెన్రీ రాబిన్‌సన్ పామర్, లండన్ రేవుల ఇంజినీరు. 1829లో పేటెంటు తీసుకుని రేవులోనే షెడ్డు వేశాడు. జింకు పూత 1830ల చివర్లో వచ్చింది. అంతకుముందు రంగు వేసుకుంటూ తుప్పుతో కుస్తీ పట్టేవారు.

ఇంట్లో ఇంకా ఉన్నాయి చూడండి. 15 కిలోల నూనె డబ్బా పక్కల నొక్కిన గీతలు. అవి అందానికి కాదు, అవి లేకపోతే పట్టుకోగానే డబ్బా లోపలికి పోతుంది.


సాగరతీరం
మంగళవారం, రాత్రి 8:15

విశాఖలో ఉంటాను. పోర్టు దగ్గర కంటైనర్లు రోజూ చూస్తాను. వాటి గోడలూ ఇవే, కాకపోతే అల గుండ్రంగా ఉండదు, పలకలు పలకలుగా ఉంటుంది. దాన్ని కూడా అలల రేకు అందామా అని ఒక సందేహం.

రేకులనగానే నాకు 2014 అక్టోబరు 12 గుర్తొస్తుంది. హుద్‌హుద్ తుఫాను రోజు. మా మేడ ఎదురుగా కార్ షెడ్డుకి ఎనిమిది రేకులుండేవి. మధ్యాహ్నానికి ఒక మూల టపటపమని కొట్టుకోవడం మొదలైంది. అరగంట అదే చప్పుడు. తర్వాత ఒక్కసారి ఊడి, కాగితంలా పైకి లేచి, ఎదురింటి వాటర్ ట్యాంకుని కోసేసి వెళ్ళింది. మిగతా ఏడూ ఒకదాని వెనక ఒకటి. మొదటిది లేవగానే గాలి కిందికి దూరిపోతుందన్నమాట. ఆ రోజు బయట ఉంటే చెట్టు కంటే రేకుకే భయపడాలి.

చిత్తుకాగితం గారూ, పేరు ఏదైనా పెట్టుకోండి, అంచు వరస బోల్టులు మాత్రం దగ్గర దగ్గరగా వేయించండి.


రేకులకొట్టు
మంగళవారం, రాత్రి 9:05

సాగరతీరం గారి మాట అక్షరాలా నిజం. బోల్టుల సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను, ఇది మాట కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఈ పాత మోడల్ గుండ్రటి అలల రేకుకి కన్నం ఎప్పుడూ మిట్ట మీద పెట్టాలి, పల్లంలో కాదు. పల్లంలో నీళ్ళు పారతాయి. అక్కడ కన్నం పెట్టి ఎంత వాషరు బిగించినా రెండో వానాకాలానికి కారుతుంది. మిట్ట మీద జె బోల్టు, నల్ల వాషరు, పైన ఇనప వాషరు. మరీ బిగిస్తే మిట్ట అణిగి చుట్టూ గుంట పడి అక్కడే నీళ్ళు నిలుస్తాయి. అదీ అసలైన ముడత.

ఇక లెక్క. ఇనప రేకులో అల నుంచి అలకి 3 అంగుళాలు, లోతు ముప్పావు అంగుళం. పది అలల రేకు అనుకుందాం. పక్క రేకు మీదికి ఒకటిన్నర నుంచి రెండు అలలు ఎక్కాలి. రెండెక్కిస్తే అయిదో వంతు రేకు కిందకి పోయినట్టే. పొడుగులో రెండు రేకులు కలిసే చోట 6 అంగుళాలు. గాలి ఎటు ఎక్కువ కొడుతుందో చూసి, అతుకు నోరు దానికి ఎదురు లేకుండా వేయాలి. మీ 64లో ఈ లెక్క కలిసిందో లేదో ఇంజినీరు గారిని అడగండి. ఇలా అడగాలంటే మాత్రం అలకి ఒక పేరు కావాలి, ఒప్పుకుంటాను. మా కుర్రాళ్ళు గాళ్ళు అంటారు. ‘రెండు గాళ్ళు ఎక్కించు’ అని కేకేస్తే పైనున్నవాడికి అర్థమవుతుంది.

సిమెంటు రేకు అయితే అల పెద్దది, 146 మిల్లీమీటర్లకి ఒకటి, లోతు 48. మీటరు దాటిన వెడల్పులో ఏడు అలలే. మా వైపు ఏ కంపెనీది తెచ్చినా చార్మినార్ రేకులనే అడుగుతారు, హైదరాబాదులో 1946లో పుట్టిన కంపెనీ బ్రాండు పేరు అలా స్థిరపడిపోయింది. ఎండకి ఇనుమంత కాలదు కాబట్టి దాణా షెడ్డుకి కొందరు అదే వేస్తారు.


పెర్త్‌పద్మ
బుధవారం, ఉదయం 7:10

సిమెంటు రేకు మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోయాను. అందులో ఉండేది రాతినార, అదే ఆస్‌బెస్టాస్. మన పులివెందుల వైపు తవ్వేవారు ఒకప్పుడు. ఇక్కడ ఆస్ట్రేలియాలో 2003 డిసెంబరు 31 నుంచి అన్ని రకాల రాతినార వాడకం నిషేధం. పెర్త్‌లో పాత ఇళ్ళకి కంచెలన్నీ ఇలాంటి అలల సిమెంటు రేకులే, ‘సూపర్ సిక్స్’ అంటారు. మేం ఇల్లు కొన్నప్పుడు వెనక కంచె అదే. తీయించడానికి లైసెన్సు ఉన్నవాళ్ళు, ఒంటినిండా తెల్లటి సూట్లు, మాస్కులు వేసుకుని వచ్చారు. రేకుని నీళ్ళతో తడిపి, ముక్క విరక్కుండా ప్లాస్టిక్‌లో చుట్టి పట్టుకెళ్ళారు. అప్పుడు నాకు గుర్తొచ్చింది, చిన్నప్పుడు మా తాతగారింట్లో అదే రేకుని మేస్త్రి రంపంతో కోస్తుంటే రాలే తెల్లటి పొడితో మేం పిండి అని ఆడుకున్నాం. ఆ పొడిని పీల్చడం వల్లే ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్లు. అన్ని రకాల రాతినారా క్యాన్సర్ తెస్తుందనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేసి ఉన్నదాన్ని కదిలించకండి. కొత్తగా వేసేటప్పుడు మాత్రం రాతినార లేనివి అడగండి, దొరుకుతాయి.

మాట సంగతికొస్తే, ఇక్కడ ‘కరుగేషన్స్’ అంటే రోడ్డు మీదవి. ఊళ్ళు దాటాక మట్టిరోడ్లుంటాయి. బండ్లు తిరిగి తిరిగి రోడ్డుకి అడ్డంగా, అచ్చం రేకులాగే అలలు పడతాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు కారు మొత్తం గడగడ వణికి, గ్లవ్ బాక్సు తెరుచుకుని సామాన్లన్నీ ఒళ్ళో పడ్డాయి. ఏదో బాగా విరిగిందనుకుని ఆపేశాం. ఏమీ కాలేదు. రోడ్డే అంత. దీన్ని తెలుగులో ఏమనాలి?


హాంబర్గ్‌హరి
బుధవారం, మధ్యాహ్నం 1:15

ఫ్రెంచివాళ్ళు ఆ రోడ్డుని కూడా ‘తోల్ ఓందులే’ అనే అంటారు. సహారాలో ప్రయాణం చేసినవాళ్ళందరూ తిట్టుకునే మాట అది. రేకు పేరు రోడ్డుకి పెట్టేశారు.


ఓరుగల్లుపోరడు
బుధవారం, మధ్యాహ్నం 1:40

పద్మక్కా, మా ఊరి మొరం రోడ్డు మీద ట్రాక్టర్లు తిరిగితే గట్లనే పడతయి. బండి మీద పోతుంటే మాట వణుకుతది. దానికి ప్రత్యేకంగా పేరేం లేదు. ‘రోడ్డు పాడైంది’ అంటం.

రోడ్డుకు పాడవడం, రేకుకు బలం. ఆకారం ఒకటే.


కుట్టుమిషను
బుధవారం, మధ్యాహ్నం 3:20

కొడవలికి కక్కు (సన్నటి పళ్ళు) కొట్టించడం, రూపాయి బిళ్ళ అంచు గీతలు, రేకు మీద గాళ్ళు, చేలో బోదెలు, చీరకి కుచ్చిళ్ళు. మనకి మాటలు లేకపోవడం కాదు, ఎక్కడిదక్కడ ఉంది. అన్నిటి మీదా కప్పే ఒక్క మాట లేదు. నాకైతే దాని అవసరం ఎప్పుడూ రాలేదు. ముసలావిడ ముఖానికీ, గోడౌను కప్పుకీ ఒకే మాట వాడుకోవడం వాళ్ళ ముచ్చట.


శబ్దరత్నం
బుధవారం, సాయంత్రం 6:00

అమ్మాయి చెప్పిన కక్కు నాకు తట్టనందుకు సిగ్గుపడుతున్నాను. వళిత ఫలకాన్ని ఉపసంహరించుకుంటున్నాను. అయితే ఒక్క మాటతో చెప్పవలసిన చోటు కూడా ఉంటుంది. పాఠ్యపుస్తకంలో రేకునీ అట్టనీ గొట్టాన్నీ కలిపి ఒకే ధర్మంగా చెప్పాలంటే కక్కులూ కుచ్చిళ్ళూ కుదరవు. అక్కడ ‘అలల’ అన్నదే సుఖం. అలల రేకు, అలల అట్ట, అలల గొట్టం. పలకలు పలకలుగా ఉన్నదాన్ని ఏమనాలని సాగరతీరం గారు అడిగారు. పలకల అల అందాం. సముద్రం ఒడ్డున ఉన్నవారు కాదంటే మానేస్తాను.


సాగరతీరం
బుధవారం, రాత్రి 7:25

పలకల అల మా బీచిలో చూడలేదు గురువుగారూ. కంటైనరుని కంటైనరు గోడ అనే అంటాలెండి.


చిత్తుకాగితం
శుక్రవారం, రాత్రి 8:48

అందరికీ పేరుపేరునా దండాలు. రెండు రోజులు పనిలో పడి రాలేకపోయాను.

ముందు లెక్క. ఇంజినీరు గారిని అడిగాను. 64లో పక్క అతుకు కలిపారు గానీ ఒకటే అల వేశారు. రెండు అలలు అని నేను అనగానే ‘నీకెవరు చెప్పారు?’ అని అడిగి, మళ్ళీ కాగితం తీశాడు. ఇప్పుడు 72 అయింది. ప్రెసిడెంటు డబ్బులు పెరిగాయని ముఖం చిట్లించాడు. శబ్దరత్నం గారు చెప్పిన కండరం స్పష్టంగా కనబడింది.

కొత్త నోటీసు ఇలా కొట్టాను: ‘షెడ్డు పైకప్పుకు జీఐ రేకులు (అలల రేకులు), 24 గేజీ, 10 అడుగులవి, 72 కావలెను. పాతవి వద్దు.’ ఎందుకైనా మంచిదని కింద ఒక మూల నుంచి ఇంకో మూలకి పాము మెలికలా గీత గీసి, ‘అంచు ఇలా ఉండాలి’ అని రాశాను. మా మేస్త్రి అక్షరాలు చదవలేదు, గీత చూసి ‘ఆ, రేకులే కదా’ అన్నాడు.

నిన్న వాన పడింది. ఎదురింటి పాత రేకుల వసారా చూరు కింద మట్టిలో గుంటలు పడ్డాయి. ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను గానీ పట్టించుకోలేదు. టేపు తీసుకెళ్ళి కొలిచాను. గుంటకీ గుంటకీ 3 అంగుళాలు. ఆ ఇంటావిడ ఏం పోయింది నాయనా అని అడిగింది.


మిరపతోట
శుక్రవారం, రాత్రి 9:10

ఆ మొదట ఫోను చేసినాయన దగ్గర పాత రేకులు ఇంకా ఉన్నాయా? మా కోళ్ళ గూటికి నాలుగు కావాలి.


చిత్తుకాగితం
శుక్రవారం, రాత్రి 9:31

ఉన్నాయట, ఇందాకే కనుక్కున్నాను. కిలోల లెక్కనే ఇస్తాడట. ముడతలు ఫ్రీ.